విన్న మాట ఎక్కడికి పోతోంది?

మన దేశంలో వినియోగ వస్తువులు, సేవలు అమ్మే కంపెనీల బ్రాండు, మార్కెటింగ్ విభాగాల అధిపతులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,



మీ సరుకు గురించి ఎవరు ఎక్కడ ఏ మాట అన్నా నిమిషాల్లో మీ తెరల మీదికి వచ్చేస్తోంది. ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫోటో, యూట్యూబ్ వీడియో కింద రాసిన రెండు ముక్కలు, ఎక్స్‌లో విసుగ్గా విసిరిన వాక్యం, ఎవరో తన బ్లాగులో ఓపిగ్గా రాసుకున్న సమీక్ష, అన్నిటినీ పట్టి, తూచి, మంచి చెడ్డల లెక్క కట్టే యంత్రాంగం మీ దగ్గరుంది. దానికి సోషల్ లిజనింగ్ అని పేరు పెట్టుకున్నారు. అది ఉండటాన్ని నేను తప్పు పట్టడం లేదు. అమ్మేవాడు కొన్నవాడి మాట వినాలని సంతలో కూరగాయల గంప ముందు కూర్చున్నవారికి కూడా తెలుసు. నా అభ్యంతరమంతా విన్న తర్వాత జరిగేదాని మీద. విన్న మాటను సరుకు తయారయ్యే చోటికి పంపాల్సింది పోయి, కంపెనీ పేరు కాపాడే విభాగానికి పంపుతున్నారు. ఫిర్యాదులో నిజమెంత అని చూడకముందే, అది ఎంత దూరం పాకింది, ఎలా చల్లార్చాలి అని చూస్తున్నారు. అవసరమైతే వకీలు నోటీసు కూడా పంపిస్తున్నారు. ఈ ధోరణిని నేను ఒప్పుకోలేను. అందుకే ఈ లేఖ.

వినడం మాకు మీరు చేస్తున్న ఉపకారం అన్నట్టుగా ఉంటాయి మీ మాటలు. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని ప్రతి సందేశం చివరా రాస్తారు. అయితే కొనేవాడి మాట చెవిన పెట్టాలన్నది మార్కెటింగ్ శాస్త్రం కనిపెట్టిన సంగతి కాదు. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఆ దేశ చట్టసభకు పంపిన సందేశంలో వినియోగదారుడి హక్కులు నాలుగని చెప్పారు. భద్రత, సమాచారం, ఎంచుకునే స్వేచ్ఛ, తన మాట వినిపించుకునే హక్కు. ప్రపంచ వినియోగదారుల హక్కుల దినం మార్చి 15న వస్తున్నది అందుకే. మన 1986 చట్టంలోనూ, దాని స్థానంలో 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ఆ నాలుగో హక్కు ఉంది. తగిన వేదికల మీద తన మాట వినాలని, తన ప్రయోజనాన్ని పట్టించుకోవాలని అడిగే హక్కు అది. వేదికలంటే చట్టం దృష్టిలో కమిషన్లూ అధికార సంస్థలూ అని నాకు తెలుసు. మరి అక్కడిదాకా పోనక్కర్లేకుండా ఆ మాట నేరుగా మీ కళ్ల ముందే కనబడుతుంటే మీ బాధ్యత తగ్గుతుందా, పెరుగుతుందా? ఒకప్పుడు "ఈ సంగతి మా దృష్టికి రాలేదు" అనే వీలు మీకుండేది. వినే యంత్రాన్ని కొన్న రోజే ఆ వీలు పోయింది.

మీ వాడుకలో ఈ పనికి ఓఆర్‌ఎం అని ఇంకో పేరుంది. ఆన్‌లైన్ రెప్యుటేషన్ మేనేజ్‌మెంట్. ఇంటర్నెట్‌లో పరువు నిర్వహణ అన్నమాట. ఉద్దేశం పేరులోనే తెలిసిపోతోంది. చాలా కంపెనీల్లో ఈ పని బయటి ఏజెన్సీ చేతిలో ఉంటుంది. ఆ డెస్కు దగ్గర కూర్చున్న పిల్లలకు సరుకు ఎలా తయారవుతుందో తెలియదు, తెలుసుకునే దారీ ఉండదు. ఎన్ని నిమిషాల్లో జవాబిచ్చారు, ఎన్ని టికెట్లు క్లోజ్ చేశారు, నెలాఖరుకు సెంటిమెంట్ స్కోరు ఎంత పెరిగింది అన్నవే వాళ్ల పనికి కొలతలు. అందుకే ఏ ఫిర్యాదుకైనా ఒకటే జవాబు వస్తుంది. "అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ వివరాలు మాకు డీఎం చేయండి." ఫోన్ నంబరు, ఆర్డరు నంబరు నలుగురి ముందూ అడగకపోవడం సబబే. కాని ఆ తర్వాత ఏం తేలింది? లోపం ఆ ఒక్క వస్తువులోనిదా, ఆ బ్యాచ్ అంతటిలోనిదా? అదే ఇబ్బంది పడుతున్న మరో వెయ్యిమంది ఏం చేయాలి? ఆ జవాబు డీఎంలోనే, అంటే వ్యక్తిగత సందేశంలోనే, ఉండిపోతుంది. బయట చూసేవాళ్లకు మీ మర్యాద మాత్రం కనిపిస్తుంది. టికెట్ మూసుకుంటుంది, లోపం అలాగే ఉంటుంది.

మర్యాద కూడా కరువైన సందర్భమూ చూశాం. 2024 అక్టోబరు 6న ఓలా ఎలక్ట్రిక్ అధిపతి భవీష్ అగర్వాల్, సర్వీసు కోసం బారులు తీరిన స్కూటర్ల ఫోటో పెట్టిన ఒక హాస్య కళాకారుడితో ఎక్స్‌లో వాదులాటకు దిగారు. మర్నాడే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ కంపెనీకి షోకాజ్ నోటీసు ఇచ్చింది. 2023 సెప్టెంబరు 1 నుంచి 2024 ఆగస్టు 30 వరకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఆ కంపెనీ మీద 10,644 ఫిర్యాదులు వచ్చాయని లెక్క బయటపడింది. వాటిలో 99.1 శాతం పరిష్కరించామని కంపెనీ తర్వాత చెప్పుకుంది. ఆ మాట అలాగే ఉంచుదాం. ఒక్క ఏడాదిలో పదివేల మందికి పైగా తమ మాట వినిపించుకోవడానికి ప్రభుత్వ ఫోను నంబరు దాకా ఎందుకు పోవాల్సి వచ్చింది? ఆ ఏడాది పొడుగునా వాళ్ల మాటలు ఏ తెర మీదా కనబడలేదా?

మీలో చాలామంది మార్కెటింగ్ చదువుల్లో డెల్ కంపెనీ కథ చదివే ఉంటారు. ఆ కథలో ఏది ముందు, ఏది వెనుక అన్నది మీరు మరిచిపోయారని నా అనుమానం. 2005 జూన్‌లో జెఫ్ జార్విస్ అనే అమెరికన్ పాత్రికేయుడు డెల్ లాప్‌టాప్ కొన్నారు. ఇంటికొచ్చి బాగుచేస్తామన్న హామీకి అదనంగా డబ్బు కట్టినా పని కాలేదు. ఆ బాధంతా తన బ్లాగులో రాశారు. ఎంతోమంది వచ్చి తమదీ అదే గతి అన్నారు. 'డెల్ నరకం' అనే మాట పుట్టింది. బ్లాగుల విషయంలో డెల్ అప్పట్లో పాటించిన పద్ధతి చూసి ఊరుకోవడమే, జోక్యం చేసుకోకపోవడం. అంటే వినడం ఆ రోజుల్లోనూ ఉంది, బదులు పలకడమే లేదు. 2006 జూన్‌లో జపాన్‌లోని ఒసాకాలో ఒక సమావేశ మందిరంలో డెల్ లాప్‌టాప్ మంటల్లో కాలిపోతున్న ఫోటోలు లోకమంతా తిరిగాయి. జులైలో కంపెనీ సొంత బ్లాగు డైరెక్ట్2డెల్ మొదలైంది. కంపెనీ బ్లాగంటే సొంత డప్పేనని తొలి రోజుల్లో విమర్శలు వచ్చాయి. అయితే రోజుల వ్యవధిలోనే, ఆ కాలిన లాప్‌టాప్ గురించి ఆ బ్లాగు తానే నోరు విప్పింది. సోనీ తయారుచేసిన 41 లక్షల బ్యాటరీలను వెనక్కి రప్పిస్తున్నట్టు డెల్ ఆగస్టులో ప్రకటించింది. 2007 ఫిబ్రవరిలో ఐడియాస్టార్మ్ అనే వేదిక పెట్టి ఏం కావాలో చెప్పండని జనాన్ని అడిగింది. లైనక్స్‌తో నడిచే కంప్యూటర్లు కావాలని గట్టిగా అడిగారు. అదే ఏడాది మే నెలలో ఉబుంటు అనే లైనక్స్ వేసిన కంప్యూటర్లు అమ్మకానికి వచ్చాయి. వీటన్నిటి తర్వాత, 2010 డిసెంబరులో, టెక్సస్‌లోని రౌండ్ రాక్‌లో గోడంత తెరలతో సోషల్ మీడియా వినికిడి కేంద్రం తెరిచింది. రోజుకు 22 వేలకు పైగా ప్రస్తావనలు అక్కడ గమనించేవారు.

ఇప్పుడు వరస చూడండి. ముందు జవాబు, తర్వాత వాపసు, ఆ తర్వాత కొత్త సరుకు, చివరికి తెరలు. నాలుగేళ్ల పనికి ఆ కేంద్రం కొసమెరుపు. మన కంపెనీలు చాలావరకు కొసతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాయి. తెరలున్నాయి, రంగురంగుల గ్రాఫులున్నాయి. ఆ గ్రాఫు చూసి ఏ కర్మాగారంలో ఏ యంత్రం ఆగింది? ఏ సీసా మీద ఏ అక్షరం మారింది? చెప్పగలరా? డెల్ సచ్చీలమైన సంస్థ అని నేను అనడం లేదు. మంటలు రేగితే తప్ప అది కూడా కదల్లేదు. కాని కదిలినప్పుడు మాటకూ సరుకుకూ మధ్య దారి వేసింది. దాని పేరు కొంతైనా నిలబడింది ఆ దారి వల్లే.

మన దేశపు సంగతికి వస్తాను. 2023 ఏప్రిల్‌లో ఒక యువకుడు బోర్న్‌విటా డబ్బా మీది వివరాలు చదివి, పిల్లల ఆరోగ్యం పేరుతో అమ్మే దీనిలో ఇంత చక్కెర ఏమిటని ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో పెట్టాడు. కోటి మందికి పైగా చూశారు. కంపెనీ లీగల్ నోటీసు పంపింది. వీడియో అశాస్త్రీయమని, వాస్తవాలను వక్రీకరించిందని, తమ పానీయం నిబంధనల ప్రకారమే ఉందని చెప్పింది. కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత తనకు లేదని ఆ యువకుడు క్షమాపణ చెప్పి వీడియో తీసేశాడు. పరువు నిర్వహణ లెక్కలో అక్కడితో పని అయిపోయినట్టే. నిజంగా అయిపోయిందా? అదే నెలలో జాతీయ బాలల హక్కుల కమిషన్, తప్పుదోవ పట్టించే ప్రకటనలు, లేబుళ్లు వెనక్కి తీసుకోవాలని కంపెనీకి రాసింది. ఆ ఏడాది చివరికి 100 గ్రాములకు 37 గ్రాములకు పైగా ఉన్న కలిపిన చక్కెర దాదాపు 32 గ్రాములకు దిగింది. 2024 ఏప్రిల్ 10న కేంద్ర వాణిజ్య శాఖ, బోర్న్‌విటా సహా ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' వర్గంలోంచి తీసేయాలని ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. ఆ చక్కెర తగ్గించడం 2023 ఏప్రిల్‌లోనే చేయగలిగి ఉంటే నోటీసు అవసరమేముంది? నోటీసుతో ఒక గొంతు ఆగింది. ఆ గొంతు అడిగిన ప్రశ్నను మాత్రం ఇంటింటా అమ్మలు డబ్బా తిప్పి చదువుకున్నారు. ఇలాంటిది 2010లోనే నెస్లేకు జరిగింది. కిట్‌క్యాట్‌లో వాడే పామాయిల్ కోసం అడవులు నరుకుతున్నారని పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వీడియో తెస్తే, కాపీరైటు పేరుతో దాన్ని యూట్యూబ్‌లోంచి తీయించింది. వీడియో పది చోట్ల మళ్లీ మొలిచింది. రెండు నెలలకే అడవుల నరికివేతతో ముడిపడిన సరఫరాదారులను వదిలేస్తామని కంపెనీ మాట ఇవ్వాల్సి వచ్చింది. పదమూడేళ్ల తర్వాత కూడా మన దగ్గర మొదటి ఆలోచన వకీలు వైపే ఎందుకు పోయింది?

తెలుగువాళ్లు మరింత దగ్గరగా చూసిన ఉదంతం, విరేచనాలైనప్పుడు తాగించే ఓఆర్‌ఎస్‌ది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, సరిహద్దులోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు దిలీప్ మహాలనబీస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించారు. ఆ మూడక్షరాల వెనుక ఉన్న నమ్మకం అలా పుట్టింది. ఏ కంపెనీ ప్రకటనల ఖర్చుతోనూ పుట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు సిఫారసు చేస్తున్న ద్రావణంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వాటితో పాటు పొటాషియం క్లోరైడు, సిట్రేటు లెక్క ప్రకారం ఉంటాయి. ఆ లెక్క తప్పితే, చక్కెర ఎక్కువైతే, విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. అయినా ఆ అక్షరాలను పేరులో ఇముడ్చుకుని, చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలు మందుల దుకాణాల అరల్లోకి చేరాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద వీడియోలు పెట్టారు, లేఖలు రాశారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దంది. అదే ఏడాది జులైలో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదని డబ్బా మీద రాస్తే చాలంది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ వెసులుబాటును కూడా రద్దు చేసింది. అప్పుడు కొన్ని కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి.

ఆ ఏళ్లన్నిటిలోనూ ఒక వైద్యురాలి గొంతు బాహాటంగా వినిపిస్తూనే ఉంది. దాచిన మాట కాదు. ఏ వినికిడి యంత్రమైనా ఇట్టే పట్టుకోగలిగినంత స్పష్టంగా, మూడే మూడు అక్షరాల చుట్టూ తిరిగిన మాట. మీ నివేదికల్లో ఆమె మాట ఏ గడిలో పడింది? 'నెగటివ్ మెన్షన్' అనే గడిలోనా? ఆ నివేదిక చదివినవారిలో, ఆమె చెబుతున్నది నిజమేనేమో, రుజువు చేసే లెక్క మన సీసా మీదే ఉందేమో అని అనుకున్నవారు ఒక్కరైనా ఉన్నారా? విరేచనాలతో వాడిపోయిన బిడ్డను భుజాన వేసుకుని అర్ధరాత్రి మందుల షాపు తలుపు కొట్టే తండ్రికి చిన్న అక్షరాల్లో ఇంగ్లిష్‌లో రాసిన హెచ్చరిక చదివే తీరిక ఉండదు. అతనికి కనిపించేది పేరొక్కటే. బ్రాండు నిర్మాణం అంటే పేరు మీద నమ్మకం కట్టడమేనని మీరే అంటారు కదా, వైద్యులు కట్టిన నమ్మకాన్ని పేరుగా పెట్టుకుని అమ్ముకోవడం ఏ నిర్మాణం?

మీ వైపు వాదనలు నాకు తెలియనివి కావు. ఇంటర్నెట్‌లో వచ్చేదంతా నిజమా అని మొదట అడుగుతారు. కాదు. 2017లో తెలుగు రాష్ట్రాల్లో ప్లాస్టిక్ బియ్యం అంటూ ఎంత గగ్గోలు పుట్టిందో గుర్తుంది. అన్నం ముద్దను బంతిలా ఎగరేస్తూ వీడియోలు తీశారు. పౌర సరఫరాల అధికారులు నమూనాలు పరీక్ష చేయించి అది బియ్యమేనని తేల్చారు. కుర్‌కురేలో ప్లాస్టిక్ ఉందన్న ప్రచారం మీద పెప్సికో 2018లో ఢిల్లీ హైకోర్టుకు పోయి ఆ పోస్టులు తీయించుకుంది. పచ్చి అబద్ధం మీద కోర్టుకు పోవడాన్ని ఎవరూ కాదనరు. పోటీ కంపెనీలు డబ్బిచ్చి బురద చల్లించడం కూడా జరుగుతుంది. అయితే లేని ప్లాస్టిక్‌ను ఉందనడం వేరు, మీ డబ్బా మీద మీరే అచ్చు వేసిన అంకెను పైకి చదవడం వేరు. మొదటిదానికి పరీక్షా ఫలితం చూపించాలి. రెండోదానికి సంజాయిషీ చెప్పాలి. ఈ రెంటినీ ఒకే గాట కట్టి ఒకే వకీలుకు అప్పగించడాన్నే నేను ప్రశ్నిస్తున్నాను. పుకారును కొట్టిపారేయడానికైనా పనికొచ్చేది పరీక్షా ఫలితమే. ఆ ఫలితాలు మామూలు రోజుల్లో జనం చూసే చోట పెట్టిన కంపెనీని గొడవ వచ్చిన రోజు జనం నమ్ముతారు.

సరుకు మార్చడం ఒక్క రోజులో అయ్యే పని కాదు, పైగా తప్పు ఒప్పుకుంటే కేసులు పడతాయని మీ న్యాయ విభాగం అంటుంది. మార్చడానికి తొమ్మిది నెలలు పడితే తొమ్మిది నెలలని చెప్పండి. జనం అడిగేది నిజాయితీగా ఒక తేదీ. కేసుల భయం మాటకొస్తే, నలభై లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిచిన కంపెనీకి లేని భయమా మీది?

మూడో వాదనలో నిజంగా బలముంది. సోషల్ మీడియాలో అరిచేవాళ్లు గుప్పెడు మంది, వాళ్ల మాట పట్టుకుని లక్షల మంది కొనే సరుకు మార్చాలా అంటారు. ఎవరి మాట వినబడుతోంది అన్న ప్రశ్న చాలా ముఖ్యమైంది. ఎక్స్‌లో ఇంగ్లిష్‌లో రాసే మహానగరవాసికి అరగంటలో జవాబు వస్తుంది. నరసరావుపేటలోనో, నారాయణఖేడ్‌లోనో ఫ్రిజ్ చెడిపోయిన ఇల్లాలి మాట ఎక్కడ నమోదవుతోంది? 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షల మంది. వాళ్లకు సరుకు అమ్మడానికి తెలుగులో ప్రకటనలు తీస్తారు, మన సినిమా తారలకు డబ్బిస్తారు, సంక్రాంతికీ బతుకమ్మకూ శుభాకాంక్షల పోస్టర్లు వేస్తారు. అదే తెలుగులో ఫిర్యాదు చేస్తే ఇంగ్లిష్‌లోనో, హిందీలోనో జవాబు. అమ్మేటప్పుడు గుర్తున్న భాష వినేటప్పుడు ఎందుకు గుర్తు రాదు? ప్రకటనలో ఏ భాషలో గొప్ప చెప్పుకున్నారో, షరతు కూడా ఆ భాషలోనే ఉండాలని 2022 జూన్‌లో వచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాలు అంటున్నాయి. ఆ న్యాయం జవాబులకు వర్తించదా?

పైగా తెలుగు మాటను యంత్రం తూచడం అంత తేలిక కాదు. 'బాగుంది' అంటే మెప్పు. 'బాగానే ఉంది' అంటే మెప్పు తగ్గింది. 'బాగానే ఉంది లెండి' అంటే ఇక చెప్పినా లాభం లేదని వదిలేసినట్టు. 'మీ సర్వీసుకో దండం' అన్నవాడు చేతులు జోడించింది భక్తితో కాదు. 'ఎంత బాగా చూసుకున్నారో' అనే మాట పొగడ్తో, ఎత్తిపొడుపో ముందువెనుకలు తెలిస్తే తప్ప అర్థం కాదు. మాటలు వెతికి మార్కులు వేసే యంత్రం వీటిని ప్రశంసల ఖాతాలో జమ వేసే ప్రమాదం ఎప్పుడూ ఉంది. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు కూడా. దీర్ఘానికి ఒకరు రెండు అక్షరాలు వేస్తే మరొకరు ఒకటే వేస్తారు. ఒకే మాట నలుగురి చేతిలో నాలుగు రూపాలు పొందుతుంది. ఈ గడుసుదనమంతా తెలిసిన తెలుగు మనిషి ఆ డెస్కు దగ్గర లేకపోతే, మీ గ్రాఫులో తెలుగు నేల ఎప్పుడూ సంతోషంగానే కనిపిస్తుంది. ఆ గ్రాఫు చూసి మీరు నిశ్చింతగా ఉంటారు. కొన్నవాళ్లు ఏమీ అనకుండా వేరే కంపెనీకి మారిపోతారు. గుప్పెడు మందే మాట్లాడుతున్నారని మీకు నిజంగా బాధగా ఉంటే, మాట్లాడని వాళ్ల దగ్గరికి వెళ్లండి. కిరాణా కొట్టు యజమానిని, సర్వీసు సెంటర్ మెకానిక్‌ను, మందుల షాపు కుర్రవాణ్ని అడగండి. వాపసు వచ్చిన సరుకు గురించి వాళ్లకు తెలిసినంత ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు.

వినడం ఇలా ఉంటే, మాట్లాడించడం మరోలా ఉంది. సమీక్షల పేరుతో రాసేవాళ్లకు, వీడియోలు చేసేవాళ్లకు డబ్బో, వస్తువో ఇచ్చి మీ గురించి మంచి చెప్పిస్తారు. ఇచ్చామని చెప్పించి చేయిస్తే అది ప్రకటన, మాకు పేచీ లేదు. చెప్పకుండా చేయిస్తే మోసం. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే దీనికి నియమాలు పెట్టింది. 2023 జనవరి 20న కేంద్ర ప్రభుత్వం కూడా, డబ్బుగానీ కానుకగానీ ముట్టినట్టు స్పష్టంగా చెప్పాలంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. జరిమానా సంగతి పక్కన పెట్టి, మీ వినికిడి సంగతే ఆలోచించండి. మీరు డబ్బిచ్చి పలికించిన మాటలే మీ యంత్రంలోకి తిరిగి వచ్చి ప్రశంసలుగా లెక్కకెక్కుతున్నాయి. బావిలో మీరే నీళ్లు పోసి, మీరే తోడుకుని, ఊట బాగుందని రాసుకుంటే దాహం తీరేది ఎవరికి?

కంపెనీ బ్లాగులను కూడా ఇలాగే పాడు చేసుకున్నారు. సెర్చ్‌లో పైకి రావడానికి ఏజెన్సీ రాసిచ్చే 'పది చిట్కాలు', అధిపతి గారి ప్రసంగాలు, అందుకున్న పురస్కారాలు. వాటిని ఎవరు చదువుతారు? తెలుగులో ఇంటర్నెట్ రాతకు కరువేమీ లేదు. ఇరవై ఏళ్ల కిందటే లేఖిని అనే సైటులో టైపు చేసి, బ్లాగులన్నీ ఒకచోట కనిపించే కూడలిలో ఒకరినొకరు చదువుకుని, వంటల దగ్గర్నుంచి వ్యాకరణం దాకా రాసుకున్నవాళ్లం మేము. రాసేవాడికి విషయం తెలిస్తే మెచ్చడం, తెలియకపోతే పట్టుకోవడం ఆ బ్లాగుల్లో చదువరులకు అలవాటు. మీ కర్మాగారంలో నాణ్యత చూసే ఇంజనీరు చేత రాయించండి. ఈ నెల ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, వాటిలో ఎన్ని నిజమని తేలాయి, ఏది మార్చాం, ఏది మార్చలేకపోయాం, ఎందుకు మార్చలేకపోయాం అని తెలుగులో, తన పేరుతో రాయనివ్వండి. శైలి లేకపోయినా పర్వాలేదు. అలాంటి ఒక్క టపా చదివిన మనిషి మీ సరుకు గురించి పదిమందికి చెబుతాడు.

మరొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి తానే బహిరంగంగా పెట్టుకున్న సమాచారాన్ని తన పరిధిలోంచి తప్పించింది. కాబట్టి మీరు ఏరుకుంటున్నది చట్టవిరుద్ధం కాకపోవచ్చు. కాని బిడ్డకు జబ్బు చేసిందని ఒక తల్లి దిగులుగా రాసుకున్న మాటను మీరు పట్టుకున్నప్పుడు, అది సరుకు సరిచేయడానికి వాడుతున్నారా, ఆ తల్లికే ఇంకో సీసా అమ్మడానికి వాడుతున్నారా? మొదటిదానికైతే వినండి. రెండోదానికైతే ఆ తెర ఆపేయండి.

నేను అడుగుతున్నవి మీ చేతిలో ఉన్నవే. వినికిడి నివేదిక మార్కెటింగ్ అధిపతి బల్ల మీద ఆగిపోకుండా అదే రోజు నాణ్యత విభాగానికీ, ఆ నెలలోనే డైరెక్టర్ల బోర్డుకూ వెళ్లేలా చూడండి. డీఎంలో తేల్చిన ప్రతి సంగతికీ ఫిర్యాదు ఎక్కడ మొదలైందో అక్కడే, పేర్లు లేకుండా, ఫలితం రాయండి. మీ సీసా మీది అంకెను మీకే చదివి చూపినవాడికి లీగల్ నోటీసు పంపే ముందు, ఆ అంకె తగ్గించగలమా అని మీ శాస్త్రవేత్తలను ఒక్కసారి అడగండి. తెలుగు నేల మీద అమ్ముతున్నంత కాలం, తెలుగులో వినగలిగిన మనిషికి, తప్పు కనబడితే సరఫరా ఆపించే అధికారం కూడా ఇచ్చి, మీ వినికిడి డెస్కు దగ్గర కూర్చోబెట్టండి. ఈ లేఖ కూడా మీ తెరల మీదికి వస్తుంది. దీన్ని ఏ గడిలో వేసుకున్నా సరే, జవాబు మాత్రం అందరూ చదివే చోట ఇవ్వండి.

పాఠకులకు ఒక మాట. కంపెనీ మీ మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 17 భాషల్లో పనిచేసే ఆ నంబరుకు తెలుగులోనే ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు.

ఇట్లు,
ఒక తెలుగు వినియోగదారు